పర్లాకిమిడిలో తెలుగు చానళ్లు: కేబులా, డిష్షా, ఫ్రీ డిష్షా?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఆంధ్రాలోని పాతపట్నం ఎంత దూరమని అడిగితే ఎవరూ కిలోమీటర్లలో చెప్పరు, పక్కనే అంటారు. టీవీ విషయానికి వచ్చేసరికి మాత్రం ఆ పక్క ఊరు వేరే లోకం. అక్కడ రీచార్జి చేయగానే తెలుగు ప్యాకు దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఇక్కడ అదే కంపెనీ, అదే బాక్సు, అవే డబ్బులు. తెరిస్తే మాత్రం జీ సార్థక్, స్టార్ కిరణ్, కలర్స్ ఒడియా ముందు వరసలో ఉంటాయి. జెమిని కోసం రిమోట్ నొక్కుకుంటూ పోవాలి. గుణుపురం, రాయగడ, కాశీనగరం, బరంపురం తెలుగిళ్లలోనూ ఇదే ఊసు.

ముందు తీర్పు చెప్పేస్తాను, కారణాలు తరవాత. ఒక్క టీవీ ఉన్న ఇంటికి, రాత్రి సీరియళ్లు తప్పనిసరి అనుకునే ఇంటికి డీటీహెచ్, అంటే నెలనెలా డబ్బు కట్టే డిష్షు, పెట్టించుకుని, కంపెనీ అంటగట్టే ప్యాకు వదిలేసి, కావలసిన తెలుగు చానళ్లు విడివిడిగా ఎంచుకోవడం మేలు. నా లెక్కలో దానికి పదికి ఏడు. ఊరి కేబుల్‌కు ఐదు, అదీ లైన్‌మ్యాన్ మంచివాడైతేనే. నెలనెలా కట్టక్కర్లేని ప్రభుత్వ ఫ్రీ డిష్‌కు రెండో టీవీగా ఏడు, ఒక్కగానొక్క టీవీగా మూడు. ఈ మార్కుల్లో కంపెనీల మంచీచెడ్డా కన్నా రాష్ట్రం గీత ప్రభావమే ఎక్కువ.

ఆ గీత టీవీలోకి ఎలా దూరిందో చూడాలి. చానళ్లు రెండు రకాలు. స్టార్ మా, జెమిని, జీ తెలుగు, ఈటీవీ లాంటివి పే చానళ్లు. మనం కట్టే డబ్బులో వాటికి వాటా వెళ్తుంది. తెలుగు వార్తా చానళ్లు చాలావరకు ఫ్రీ టు ఎయిర్. వాటికి మన దగ్గర నుంచి పైసా రాదు, ప్రకటనల మీదే బతకాలి. పైగా కేబుల్ వాళ్లు, డీటీహెచ్ వాళ్లు తమ జాబితాలో చోటిచ్చినందుకు చానల్ దగ్గరే డబ్బు తీసుకోవచ్చు. దాన్ని క్యారేజ్ ఫీజు అంటారు. టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 నిబంధనల ప్రకారం మామూలు చానల్‌కు నెలకు ఒక్కో కనెక్షనుకు 20 పైసలు దాని గరిష్ఠం. వినడానికి చిల్లరే. కానీ లెక్క ఆ చానల్ చూసే ఇళ్ల మీద కాదు, ఆపరేటర్ తన ప్రసారానికి గీసుకున్న ప్రాంతం, అంటే ‘టార్గెట్ మార్కెట్’లో ఉన్న మొత్తం కనెక్షన్ల మీద. 2020 సవరణ తరవాత టార్గెట్ మార్కెట్ ఒక రాష్ట్రాన్ని మించి ఉండకూడదు.

ఒడిశాలో 5 లక్షల కనెక్షన్లున్న కేబుల్ కంపెనీ ఒకటుందనుకుందాం. ఒక తెలుగు న్యూస్ చానల్ అందులో చేరాలంటే నెలకు లక్ష రూపాయల దాకా కట్టాల్సి రావచ్చు. కనెక్షన్లలో 5 శాతం మంది ఆ చానల్ తీసుకుంటే ఆ రేటు తగ్గడం మొదలవుతుంది, 20 శాతం చేరితే క్యారేజ్ ఫీజే ఉండదు. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ తెలుగువాళ్లందరినీ కలిపి కూర్చోబెట్టినా రాష్ట్రం మొత్తం లెక్కలో 5 శాతం గీత దాటడం కష్టమే. కాబట్టి ఫీజు తగ్గదు, చానల్ కట్టదు, మన బాక్సులో నంబరు ఉండదు.

మరి చానల్ తన జేబులోంచి ఎందుకు కట్టుకోదు? కట్టినా దానికి తిరిగొచ్చేది లేదు గనక. రేటింగులు లెక్కగట్టేది బార్క్. ప్రతి గురువారం ఆ సంస్థ వారపు జాబితా బయటపెడుతుంది. తెలుగు చానళ్ల జాబితా ‘ఏపీ, తెలంగాణ’ మార్కెట్ పేరుతో వస్తుంది. సబ్బులు, నగలు, చిట్‌ఫండ్లు అమ్మేవాళ్లు ఆ అంకె చూసే ప్రకటనకు రేటు కడతారు. పర్లాకిమిడిలో రోజంతా తెలుగు టీవీ మోగే ఇల్లు ఆ అంకెలోకి ఎక్కదు. గిడుగు రామమూర్తి పంతులు వాడుక భాష కోసం కలబడ్డ ఊరే తెలుగు టీవీ లెక్కల్లో లేకుండా పోయింది.

డీటీహెచ్‌ది వేరే దారి. ఆకాశంలోని ఉపగ్రహం దేశమంతటి మీదా ఒకే కట్ట కుమ్మరిస్తుంది. పాతపట్నంలో పడే సిగ్నలే ఇక్కడా పడుతుంది. ఆంధ్రా ప్రేక్షకుల కోసం పెట్టిన తెలుగు చానల్ మన డిష్షులోనూ ఉన్నట్టే, బాక్సుకు అనుమతి ఇస్తే చాలు. అందుకే దానికి మార్కులు ఎక్కువ వేశాను. మీ పిన్‌కోడ్ 761తో మొదలైతే కంపెనీ ఒడియా ప్యాకులు ముందు చూపిస్తుంది, 532 అయితే తెలుగు ప్యాకులు చూపిస్తుంది, తేడా అంతే. కొందరు శ్రీకాకుళం చుట్టాల చిరునామా ఇచ్చి కనెక్షన్ తీసుకుంటారు. అవసరం లేదు. రేపు డిష్షు కదిలిందని ఫోన్ చేస్తే మెకానిక్‌ను ఆ చుట్టాల ఇంటికే పంపుతారు. ఇక్కడి చిరునామాతోనే తీసుకుని, ‘అ లా కార్ట్’ అని ఉన్నచోట తెలుగు చానళ్లు టిక్కు పెట్టుకుంటే సరిపోతుంది. వినియోగదారు విడి చానల్ అడిగితే ఇవ్వనని, ప్యాకే తీసుకోవాలని చెప్పే హక్కు ఏ ఆపరేటర్‌కూ లేదు.

ఇప్పుడు బిల్లు. ఇందులో మూడు ముక్కలుంటాయి, నాలుగోది పన్ను. మొదటిది నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు, అందరూ ఎన్‌సీఎఫ్ అంటారు. తీగకో, తరంగానికో కట్టే అద్దె అనుకోండి. 2019లో కొత్త పద్ధతి మొదలైనప్పుడు 100 చానళ్లకు 130 రూపాయల గరిష్ఠం పెట్టారు. 2020 సవరణతో అదే 130కి 200 చానళ్లు ఇవ్వాల్సి వచ్చింది, దూరదర్శన్ తప్పనిసరి చానళ్లు వీటికి అదనం. 2024 జులైలో ట్రాయ్ ఈ గరిష్ఠ పరిమితినే ఎత్తేసింది. ఇప్పుడు ఎన్‌సీఎఫ్ ఎంతనేది ఆపరేటర్ ఇష్టం, ప్రాంతాన్ని బట్టీ మార్చుకోవచ్చు. కాకపోతే రేటు వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఇంతకు ముందు ‘130 దాటకూడదు కదండీ’ అని దబాయించేవాళ్లం, ఆ మాట ఇప్పుడు చెల్లదు.

రెండోది విడి చానళ్ల ధర. పెద్ద తెలుగు చానళ్లు 19 రూపాయల దగ్గరే ఎందుకు గుమిగూడతాయో చాలామందికి తెలీదు. విడిగా చానల్ ధర ఎంతైనా పెట్టుకోవచ్చు. కానీ 19 దాటిందంటే దాన్ని గుత్తప్యాకులో, అంటే బొకేలో, కలపడానికి వీల్లేదు. 2020లో ఈ గీతను 12కి దించారు, చానళ్లు కోర్టులకెక్కాయి, 2022 నవంబరులో మళ్లీ 19కి వచ్చింది. బొకేల్లో లేకపోతే చూసేవాళ్లు తగ్గుతారు, ప్రకటనలు తగ్గుతాయి. అందుకే పాపులర్ చానల్ ఏదైనా ఆ గీతకు ఆనుకుని నిలబడుతుంది.

మూడోది బొకే. నాలుగు తెలుగు వినోద చానళ్లూ విడిగా 19 చొప్పున వేసుకుంటే 76. ఎన్‌సీఎఫ్ 130 అనుకుంటే మొత్తం 206. మీద 18 శాతం జీఎస్టీ 37 రూపాయల 8 పైసలు. వెరసి 243 రూపాయల 8 పైసలు. ఇందులో ఒడియా లేదు, హిందీ పే చానళ్లు లేవు, సినిమా చానళ్లు లేవు. సినిమా చానళ్లు కూడా కావాలంటే ఆయా సంస్థల తెలుగు బొకే విడిగా తీసుకోండి. ఒకే సంస్థవి మూడు చానళ్లు దాటి కావాలనుకున్నప్పుడు బొకే చవక, ఒక్కటే చూసేట్టయితే విడిగానే చవక. మీ ఇంట్లో రాత్రి ఏడు నుంచి పది దాకా రిమోట్ ఎక్కడెక్కడ ఆగుతుందో వారం రోజులు గమనించి అప్పుడు ప్యాకు కట్టండి. చాలా ఇళ్లలో ఆరేడు చానళ్లు దాటవు, డబ్బు మాత్రం అరవై డెబ్భై పే చానళ్లకు కడుతుంటారు.

ఒక్క జాగ్రత్త. ఒకే చానల్ ఎస్‌డీ, హెచ్‌డీ రెండూ మీ చానళ్ల జాబితాలో దూరొచ్చు, అప్పుడు రెండింటికీ డబ్బు పడుతుంది. ఇంట్లో ఉన్నది 24 అంగుళాల పాత టీవీ అయితే హెచ్‌డీ తీసేయండి, తేడా కనిపించదు.

ఒడియాను మొత్తం తీసేయకండి కూడా. తుపాను వస్తే గజపతి కలెక్టరు ఏ బడులకు సెలవిచ్చాడో, ఏ ఘాట్ రోడ్డు మూసేశారో హైదరాబాదు నుంచి మాట్లాడే తెలుగు న్యూస్ రీడర్‌కు అక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతిని చితక్కొట్టింది. అలాంటి రోజు చేతిలో ఒక ఒడియా వార్తా చానల్ ఉండాలి. డీడీ ఒడియా తప్పనిసరి జాబితాలోది, దానికి విడిగా కట్టేదేమీ లేదు.

డిష్షు బిగించేటప్పుడు ఇంటివాళ్లు పక్కన నిలబడటం మంచిది, ఎందుకంటే గొడవలన్నీ అక్కడే పుడతాయి. పర్లాకిమిడి 84 డిగ్రీల రేఖాంశం మీద ఉంది. టాటా ప్లే ఉపగ్రహాలు 83 డిగ్రీల తూర్పున ఉంటాయి గనక ఆ డిష్షు దాదాపు నేరుగా దక్షిణానికి చూస్తుంది. డీ2హెచ్ 88 దగ్గర ఉంది, దక్షిణం నుంచి 12 డిగ్రీలు తూర్పుకు తిప్పాలి. ఫ్రీ డిష్‌ది జీశాట్-15, 93.5 డిగ్రీలు, తూర్పుకు 27 డిగ్రీలు. డిష్ టీవీ 95, తూర్పుకు 31. ఎయిర్‌టెల్ 108.2, అది దక్షిణం నుంచి 54 డిగ్రీలు తూర్పుకు, అంటే ఆగ్నేయం కూడా దాటి. వాస్తు ప్రకారం ఆగ్నేయం పొయ్యికి, ఎయిర్‌టెల్ డిష్షుకూ దాదాపు అదే మూల. గుణుపురం, రాయగడ, బరంపురంలో ఈ అంకెలు కొద్ది డిగ్రీలు అటూ ఇటూ.

ఎత్తు ఇంకా ముఖ్యం. టాటా ప్లే ఆకాశంలో 68 డిగ్రీల ఎత్తున ఉంటుంది, ఫ్రీ డిష్ 65, ఎయిర్‌టెల్ 55. ఇంటి పక్కన కొబ్బరిచెట్టు డిష్షు కన్నా 20 అడుగులు పైకి పోయిందనుకోండి. ఎయిర్‌టెల్ అయితే ఆ దిక్కున చెట్టు కనీసం 14 అడుగుల దూరంలో ఉండాలి, ఫ్రీ డిష్ అయితే పది అడుగులు చాలు. మట్టల వ్యాసార్థం దీనికి అదనం. వేసవిలో బిగించినప్పుడు బొమ్మ నిండుగా ఉండి, ఏడాది తిరిగేసరికి మధ్యాహ్నం గాలికి ఆగిపోతుంటే తప్పు కంపెనీది కాదు, కొత్తగా వచ్చిన మట్టది. డిష్షు చూడటానికి అంత ఎత్తుకు కాక కాస్త కిందికి చూస్తున్నట్టు ఉంటుంది, కంగారు పడకండి. ఈ పళ్లాలు ఆఫ్‌సెట్ రకం, కనిపించే దాని కన్నా పైకి చూస్తాయి. ఫోన్‌లోని దిక్సూచి ఇనుప స్టాండు పక్కన పెట్టి చూస్తే అబద్ధం చెబుతుంది. నాలుగడుగులు దూరంగా నిలబడి చూసి, ఆ దిక్కున గోడ మీద బొగ్గుతో గీత గీసుకోవాలి.

బాక్సులో రెండు గీతలు కనిపిస్తాయి. స్ట్రెంత్, క్వాలిటీ. స్ట్రెంత్ నిండుగా ఉండి క్వాలిటీ సున్నా చూపిస్తే తీగ బాగానే ఉంది, పళ్లెం ముందు సిగ్నల్ పట్టే ముక్కకు, అంటే ఎల్‌ఎన్‌బీకి, కరెంటు అందుతోంది, పళ్లెం మాత్రం వేరే దిక్కు చూస్తోందని అర్థం. రెండూ సున్నా అయితే ముందు తీగ చూడండి. ఆర్‌జీ-6 తీగ చివర ఎఫ్ కనెక్టర్ ఉంటుంది. దాన్ని తిప్పి తీస్తే మధ్యలో రాగి పుల్ల, చుట్టూ వెండిరంగు జాలీ. ఆ జాలీ పోగు ఒక్కటి పుల్లకు తగిలినా పని ఖతం. పుల్ల పచ్చబారితే నీళ్లు దిగాయి. మెకానిక్ తీగను నేరుగా కిందికి లాగి గోడ కన్నంలో దూర్చేస్తే వాన నీరు తీగ వెంట నడిచి బాక్సు దాకా వస్తుంది. కన్నానికి ముందు తీగను ఒక వంపు కిందికి వేలాడదీయాలి, నీటిబొట్టు అక్కడే రాలిపోతుంది. ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్‌కు రబ్బరు టోపీ గానీ, తనకు తాను అంటుకునే రబ్బరు టేపు గానీ చుట్టించండి. మామూలు నల్ల టేపు ఒక వేసవికి ఊడిపోతుంది. ఈ పనికి అయ్యే ఖర్చు టీ డబ్బులంత, చేయకపోతే వచ్చే విజిటింగ్ చార్జీ దానికి ఎన్నో రెట్లు.

వానలో బొమ్మ పోవడం డీటీహెచ్‌కు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఈ డిష్షులు వాడే కేయూ బ్యాండ్ తరంగాన్ని చినుకు మింగేస్తుంది. ఆషాఢంలో సన్నగా రోజంతా పడే జల్లుకు ఏమీ కాదు. ఉరుములతో దబదబా కురిసే వానకే పది, పదిహేను నిమిషాలు తెర నల్లబడుతుంది. 60 సెంటీమీటర్ల పళ్లెం బదులు 90 సెంటీమీటర్లది పెడితే పట్టే సిగ్నల్ రెండుంబావు రెట్లు అవుతుంది, ఆ నలుపు కొంత తగ్గుతుంది. కొండ పల్లెల్లో, మెకానిక్ రావడానికే రోజు పట్టే చోట ఆ ఖర్చు దండగ కాదు. కాకపోతే పెద్ద పళ్లేనికి గాలి పట్టు ఎక్కువ. పిట్టగోడ ఇటుకలో చిన్న మేకులు సరిపోవు, స్లాబులో బోల్టులు దింపాలి. మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదటి రోజుల్లో మబ్బు లేకుండానే పగటిపూట కొన్ని నిమిషాలు బొమ్మ పోతుంటే బాక్సు తన్నకండి. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి నిలబడ్డాడు. కొద్ది రోజుల్లో అదే సర్దుకుంటుంది.

ఇక ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో ప్రసార భారతి మొదలుపెట్టింది. డిష్షు, బాక్సు ఒకసారి కొంటే చాలు, నెలనెలా కట్టేది లేదు. దీన్ని అమ్మే అంగడివాడు ‘అన్ని చానళ్లూ వస్తాయండీ’ అంటాడు. స్టార్ మా, జెమిని, జీ తెలుగు ఇందులో రావు. రావడం కష్టం కూడా, దానికి కారణముంది. ఫ్రీ డిష్‌లో ఉచితంగా కనిపించే చానల్‌ను మిగతా అన్నిచోట్లా కూడా ఉచితమనే ప్రకటించాలని 2024 జులైలో ట్రాయ్ తేల్చింది. ఇంటికి 19 వసూలు చేసుకునే చానల్ ఎవరైనా ఆ గోతిలో దిగుతారా? తెలుగులో డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి వస్తాయి. ప్రైవేటు చానళ్లు ప్రసార భారతి వేలంలో స్లాటు కొనుక్కుని వస్తాయి, గడువు తీరితే పోతాయి, కాబట్టి ఈ ఏడాది ఉన్నది వచ్చే ఏడాది ఉండకపోవచ్చు. కొనేటప్పుడు ఎంపెగ్-4 బాక్సే అడగండి. పాత ఎంపెగ్-2 బాక్సు చవకగా వస్తుంది, కానీ ఎంపెగ్-4లో వచ్చే చానళ్ల దగ్గర ఒట్టి నల్ల తెర చూపిస్తుంది. వ్యవసాయ కార్యక్రమాలు, పాత పాటలు, హిందీ సినిమాలు చూసే పెద్దవాళ్ల గదికి ఇది బంగారం. సీరియల్ చూసే కోడలి గదికి కాదు.

కేబుల్ పెట్టించుకునే ముందు ఒకే ప్రశ్న అడగాలి: ‘బాబూ, మీ ఫీడు ఏ ఊరి నుంచి?’ ఊరి కేబుల్ ఆయన సొంతంగా చానళ్లు పట్టడు. పెద్ద కేబుల్ కంపెనీ, అంటే ఎంఎస్ఓ, తన కంట్రోల్ రూము నుంచి ఫైబర్ మీద పంపిన కట్టను ఇళ్లకు పంచుతాడు. ఫీడు భువనేశ్వర్ వైపు నుంచి వస్తే పైన చెప్పిన 20 పైసల లెక్కంతా వర్తిస్తుంది. నాలుగు వినోద చానళ్లు ఉన్నా న్యూస్ చానళ్లు ఒకటీ అరా, ఏదో ఒక పొద్దున ఆ ఒక్కటీ మాయం. ఫీడు ఆంధ్రా వైపు నుంచి వస్తే బాక్సు నిండా తెలుగే. రాష్ట్రం దాటి తీగ లాగడానికి చట్టం అడ్డు కాదు, ఎంఎస్ఓ రిజిస్ట్రేషన్ దేశమంతటికీ చెల్లుతుంది. అడ్డల్లా ఖర్చు, స్తంభాలే.

కేబుల్‌లో బొమ్మ గళ్లుగళ్లుగా పగిలితే ఎక్కువసార్లు ఇంటి లోపలి పంపకమే కారణం. పాత అనలాగ్ రోజుల్లో సిగ్నల్ తగ్గితే తెర మీద ఇసుక రాలేది, అయినా సినిమా చూసేవాళ్లం. డిజిటల్‌లో ఆ మధ్యస్తం లేదు, ఒక గీత దాకా అద్దంలా ఉండి, దాటగానే ముక్కలవుతుంది. బాక్సు దగ్గర సిగ్నల్ బలం 50 నుంచి 60 డీబీ మైక్రోవోల్టులు ఉంటే హాయి. రెండు దారుల స్ప్లిటర్ ఒక్కటి పెడితే సుమారు 4 డీబీ పోతుంది, నాలుగు దారులది పెడితే 8 దాకా. అన్నదమ్ములిద్దరి వాటాలకూ మేడ మీది అద్దెవాళ్లకూ ఒకే తీగ నుంచి పంచితే చివరి ఇంటికి మిగిలేది ఏముంటుంది? లైన్‌మ్యాన్‌ను మీటరు తెమ్మనండి. మీటరు లేకుండా వచ్చి బాక్సు మార్చాలనేవాడి మాట మాత్రం నమ్మకండి.

ఫిర్యాదు చేస్తే ఆ లైన్‌మ్యాన్ మూడ్రోజులకు గానీ ఎందుకు రాడంటే, అక్కడా లెక్కే. ఎంఎస్ఓకూ ఊరి ఆపరేటర్‌కూ వేరే ఒప్పందం కుదరకపోతే ఎన్‌సీఎఫ్ 55, 45 పాళ్లలో పంచుకోవాలి. 130లో ఆపరేటర్‌కు 58 రూపాయల 50 పైసలు. 19 రూపాయల చానల్‌లో పంపిణీదారుల వాటా 20 శాతం, అంటే 3 రూపాయల 80 పైసలు, అందులో ఊరి ఆపరేటర్‌కు రూపాయి 71 పైసలు. 300 కనెక్షన్లున్న ఆపరేటర్‌కు, ఇంటికి నాలుగు పే చానళ్ల చొప్పున చూసినా, నెలకు 19,600 చిల్లర. అందులోంచే ఆంప్లిఫయర్ల కరెంటు బిల్లు, తెగిన తీగలు, లైన్‌మ్యాన్ జీతం, బకాయి పెట్టి ఊరొదిలిపోయినవాళ్ల నష్టం. 300 ఇళ్లకు ఒకడే లైన్‌మ్యాన్, వాడే వసూళ్లకూ తిరుగుతాడు. అందుకే ఇప్పుడు తెలివైన ఆపరేటర్లు అదే ఫైబర్ మీద ఇంటర్నెట్ అమ్ముతున్నారు, కేబుల్‌ను దానికి తోకగా ఇస్తున్నారు.

ఈ పనిలోకి రావాలనుకునే కుర్రాళ్లకు ఒక మాట. కోయాక్సియల్ తీగకు కనెక్టర్ కొట్టడం ఒక్కటే వస్తే బతుకు సాగదు. ఫైబర్ స్ప్లైసింగ్, అంటే ఫైబర్ తీగలు అతకడం, నేర్చుకోండి, పవర్ మీటర్ చదవడం నేర్చుకోండి, టీవీ పోయినా ఇంటర్నెట్ వాళ్లు పిలుస్తారు. సొంతంగా ఆపరేటర్ అవ్వాలంటే పూర్వం పెద్ద పోస్టాఫీసులో ఏటా 500 కట్టి రిజిస్టర్ అయ్యేవాళ్లు. 2025 జనవరి నుంచి అది ఆన్‌లైన్, కేంద్ర సమాచార ప్రసార శాఖ దగ్గర, 5 వేలు కడితే ఐదేళ్లకు. కెమెరా పట్టి ఊళ్లోంచి చానల్‌కు వార్తలు పంపే స్ట్రింగర్ అవుదామనుకునే వాళ్లకు తెలుగూ ఒడియా రెండూ రావడం పెట్టుబడే, సరిహద్దు వార్త రెండు వైపులా పోతుంది. కానీ స్ట్రింగర్‌కు సాధారణంగా నెల జీతం ఉండదు, వార్త లెక్కన డబ్బు. లోగో ఉన్న మైకు చేతికిచ్చి ముందు డిపాజిట్ అడిగేవాడెవడైనా ఉంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. ఊరి కేబుల్‌లో పెళ్లి పాటలు, జాతర లైవు వేసే సొంత చానళ్లు కూడా మంత్రిత్వ శాఖలో రిజిస్టర్ కావాలి. 2022 మార్గదర్శకాల ప్రకారం చానల్‌కు వెయ్యి రూపాయలు.

ఇంటర్నెట్ సంగతి క్లుప్తంగా. సీరియళ్ల యాప్‌లకు ఒడిశా, ఆంధ్రా తేడా లేదు, అదొక్కటే సుఖం. హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా తింటుంది, రోజుకు జీబీన్నర ఫోన్ డేటా మీద పెట్టుకోకండి. తీగ బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇంట్లో అయితే సరే.

ఏది పెట్టించుకున్నా, రిమోట్‌లో 999 నొక్కి చూడండి. కనెక్షన్ వివరాలు, కస్టమర్ కేర్ నంబరు అక్కడ చూపించాలన్నది నిబంధన. ఫిర్యాదు చేసినప్పుడు డాకెట్ నంబరు, అంటే ఆ ఫిర్యాదు నంబరు, అడిగి రాసుకోండి. వాళ్ల వైపు లోపంతో 72 గంటలు దాటి బొమ్మ లేకపోతే ఆ రోజుల డబ్బు బిల్లులో తగ్గించమని అడగొచ్చు, కానీ డాకెట్ నంబరు లేనిదే 72 గంటలు ఎప్పట్నుంచి లెక్కపెట్టాలో తేలదు. అక్కడ తేలకపోతే పైన కంపెనీలోనే ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసరు ఉంటాడు. ట్రాయ్‌కి విడి ఫిర్యాదు రాస్తే అది తేల్చదు, ఆపరేటర్‌కే పంపేస్తుంది. వేసవి సెలవులకు విశాఖో హైదరాబాదో వెళ్తుంటే నెలో రెండు నెలలో కనెక్షన్ ఆపమని 15 రోజుల ముందే చెప్పండి. నెలల లెక్కనే ఆపుతారు, వారం రోజులకు ఆపరు. తిరిగొచ్చి మళ్లీ తెరిపించినప్పుడు ఒకసారి చానళ్ల జాబితా చూసుకోండి, మీరు తీసేయించిన ప్యాకు మళ్లీ అందులోకి వచ్చి ఉండొచ్చు.